ఉస్కో అంటే ఆట

పదిహేనేళ్లలో దమయంతి గొంతు ఊరు విన్నది ఒక్కసారే. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మాట కూడా ఒక్కటే. "ఉస్కో!"

అది మార్చి చివర, జీడితోటల్లో పళ్లు రాలే కాలం. తండ్రి వల్లభరావు తోటలో చతికిలబడి, రాలిన పళ్ల నుంచి జీడిపిక్కలు మెలితిప్పి తీస్తున్నాడు. దమయంతి బుట్ట పట్టుకుని వెనకాల ఉంది. మొగలిపొద చాటు నుంచి ఎలుగుబంటి బయటికొచ్చి, పదడుగుల దూరంలో వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. వల్లభరావు కదల్లేదు. రెండేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి అతని ఎడమ మోచేతిని నమిలేసింది. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. పారిపోవాలన్న సంగతి కూడా అతనికి తట్టలేదు. దమయంతి అరిచింది అప్పుడే.

నీడలో పడుకున్న వాళ్ల కుక్క జీడి ఒక్క ఉదుటున లేచి ఎలుగుకి ఎదురెళ్లింది. ముందు కాళ్లు చాపి, ఛాతీ మట్టికి ఆనేలా వంగి, నడుం పైకెత్తి, తోక గిరగిరా తిప్పింది. కుడికి దూకింది. మళ్లీ వంగింది. ఎడమకి దూకింది. మళ్లీ వంగింది. ఎలుగుబంటికి ఇదేమిటో బోధపడలేదు. కాసేపు తల ఇటూ అటూ తిప్పి చూసి, విసుగెత్తినట్టు నాలుగు కాళ్ల మీదికి దిగి పొదల్లోకి వెళ్లిపోయింది.

పక్క తోట బైరాగి చెట్టు మీద నుంచి ఇదంతా ఫోన్లో తీశాడు. వారం తిరిగేసరికి దాన్ని చూడనివాళ్లు లేరు.

"ఎలుగుని సూస్తే గాని మా గుంటకి ఎలుగు రాలేదు," అని మామ్మ నీలమ్మ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పి నవ్వింది.

ఉస్కో అంటే లోకమంతటికీ కుక్కని మీదికి ఉసిగొల్పే మాట. ఆ ఇంట్లో మాత్రం కాదు. జీడి గుప్పెడు పిల్లగా ఉన్నప్పుడు మామ్మ నులకమంచం మీద పడుకుని, దుప్పటి కింద కాలి బొటనవేలు ఆడిస్తూ "ఉస్కో, ఉస్కో" అనేది. పిల్ల వంగి, ఎగిరి, దుప్పటి మీద పడి, పళ్లు దిగకుండా ఆ వేలు నోట పట్టుకునేది. పట్టుకుంటే జీడిజిగురులా వదిలేది కాదు. అందుకే ఆ పేరు. నాలుగేళ్లుగా ప్రతి మధ్యాహ్నం అదే సరదా. కుక్కకి తెలిసినంతవరకు ఉస్కో అంటే రా, ఆడుకుందాం.

అందుచేత ఆ రోజు తోటలో ఏం జరిగిందో దమయంతికి తెలుసు. జీడి పోరాడలేదు. ఎలుగుబంటిని ఆటకి పిలిచింది. మామ్మ కళ్లకి ఫోను తెర మసక. తండ్రి ఆ క్షణంలో ఎలుగుని తప్ప దేన్నీ చూడలేదు. చెప్పాల్సింది దమయంతే. కానీ ఇంటినిండా జనం, అందరూ జీడి వీరత్వం గురించి మాట్లాడేవాళ్లే. మధ్యలో నోరు తెరిచి కాదనడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

మే నెలలో విశాఖపట్నం నుంచి ఇందుమతి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఆమె పనిచేసే సంస్థ ఫోన్లో ఆడుకునే కొట్లాట ఆటలు తయారుచేస్తుంది. ఆమె సంచిలోంచి వేలెడు వెడల్పు నల్లటి పట్టీ ఒకటి తీసి, అరుగు కింద నిద్రపోతున్న జీడి మెడకి తొడిగింది. దాన్ని కలపట్టీ అంటారని చెప్పింది.

"కాళ్లు చూడండి, ఎలా అదురుతున్నాయో. కలలో పరిగెడుతోంది. పరిగెత్తమని లోపల్నుంచి కబురు బయల్దేరుతుంది, కాళ్ల దాకా పూర్తిగా చేరదు. ఆ కబురుని ఈ పట్టీ మెడ దగ్గర వింటుంది."

ఆమె చేతిలోని ఫోనులాంటి పెద్ద పలక మీద బూడిద రంగు గీతలతో ఒక కుక్క పరిగెడుతోంది. ఎడమ వెనక కాలు కొంచెం ఎగరేస్తూ, అచ్చం జీడిలాగే.

"ఓరి బాబో, మా జీడే!" అన్నాడు వల్లభరావు.

"వినడమే కాదు, తిరిగి చెప్తుంది కూడా. ఆటలో జనం దీనితో చేసిన పోరాటాలు నిద్రలో దీనికి చూపిస్తాం. కలలో ఇది ఎలా తిప్పికొడుతుందో చూసి, ఆటలో బొమ్మ అలా చేస్తుంది. మిగతా బొమ్మలు మనుషులు రాసినవి. నాలుగు రోజులు ఆడితే వాటి ఎత్తులన్నీ తెలిసిపోతాయి. ఇది రోజూ కొత్తగా ఉంటుంది."

మామ్మ తమలపాకుకి సున్నం రాస్తూ అడిగింది. "కల్లో దెబ్బ తగిల్తే నొప్పుండదేటమ్మా?"

"లేస్తే పోతుంది కదండీ."

"ఏటోనమ్మా. మా ముసిలోడు పోయి పన్నెండేళ్లయింది. ఇప్పటికీ కల్లోకొచ్చి తిడితే, ఆ పొద్దంతా నాకు అన్నం సయించదు."

ఇందుమతి నవ్వేసింది. తర్వాత వల్లభరావుతో అసలు సంగతి మాట్లాడింది. జీడి పట్టీ వేసుకున్నంత కాలం తోట చుట్టూ సంస్థ సోలారు కంచె వేయిస్తుంది. ఎలుగు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, చావదు, తోటలోకి రాదు. వల్లభరావు తన ఎడమ మోచేతిని కుడిచేత్తో పట్టుకుని కాసేపు నేల చూపులు చూసి, సరేనన్నాడు.

సంతకం అయ్యాక ఇందుమతి తోట వీడియో పెట్టి, జీడి వంగిన చోట ఆపింది. "దాడికి ముందు ఇలా నిలబడుతుంది కదా? ఆటలో ఇదే దీని ముఖ్య భంగిమ పెడతాం." ఆమె అడిగింది దమయంతినే. ఎందుకంటే కుక్కని పిలిచింది దమయంతి.

కాదండీ అన్న మాట దమయంతి గొంతు దాకా వచ్చింది. ఇందుమతి, ఆమె వెంట వచ్చిన కెమెరా మనిషి, గుమ్మంలో బైరాగి, తండ్రి, అందరూ తనవైపే చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి.

"అవునండి," అన్నాడు వల్లభరావు ఆమె బదులు. "అది అలా వంగిందంటే ఎదటోడి పనయిపోయినట్టే."

దమయంతి తల దించుకుంది.

ఆ మాట కూడా కావాలన్నారు. మైకు ముందు ఉస్కో అనమన్నారు. మూడుసార్లు గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగోసారి గట్టిగా వచ్చింది. అరుగు కింద జీడి ఉలిక్కిపడి లేచి, ఎదురుగా వచ్చి, ఛాతీ నేలకి ఆనించి వంగింది. పలక మీద గుండె వేగం అంకె పైకి ఎగబాకింది.

"చూశారా ఎంత ఉద్రేకమో!" అంది ఇందుమతి సంతోషంగా.

జూలైలో ఆట వచ్చింది. అందులో జీడి పేరు, ఆ జీడితోటల సీమ పేరు కలిపి, ఉద్దానం పులి. బడి అరుగుల మీద, కిళ్లీకొట్ల దగ్గర, పలాస బస్సులో, ఎక్కడ చూసినా అదే. ఉద్దానం పులిని ఎంచుకోగానే ఫోనులోంచి దమయంతి గొంతు "ఉస్కో!" అనేది. బస్సులో వెనక సీటు నుంచి తన గొంతు వినపడితే దమయంతి కిటికీ వైపు ముఖం తిప్పుకునేది. తరగతిలో ఆడపిల్లలు ఆమెని ఉస్కో అని పిలవడం మొదలెట్టారు.

"ఓసే ఉస్కో, హోంవర్కు ఇయ్యవే, కరవకు!"

కంచె కూడా వచ్చింది. వల్లభరావు పొద్దున్నే తోటకి ఈలవేసుకుంటూ వెళ్లేవాడు. ఆ ఏడాది వానాకాలంలో అతను కొమ్మల కింద ఒంటరిగా నిద్ర కూడా పోయాడు. అలా నిద్రపోయి రెండేళ్లయిందని మామ్మతో చెప్పాడు.

జీడి నిద్ర మాత్రం మారిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలకి పడుకునేది. కాళ్లు పరుగులా కాకుండా విదిలించినట్టు అదిరేవి. పెదవి లేచి పళ్లు బయటపడేవి. మధ్యమధ్య సన్నగా ఒక మూలుగు. ఆదివారాలు దమయంతి పక్కన కూర్చుని దాని చెవి వెనక నిమిరేది. లేచాక జీడి కొంతసేపు ఆమెని గుర్తుపట్టనట్టు చూసేది. దసరా నాటికి వంగడం మానేసింది. మామ్మ వేలు ఆడిస్తే దూరం నుంచి చూసి ఊరుకునేది.

"ముసిల్దయిపోనాదే నా లాగే," అంది మామ్మ.

"నాలుగేళ్లకే ముసలితనమేంటి మామ్మా," అంది దమయంతి.

కార్తీకంలో ఒక గురువారం, దమయంతి బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో నెత్తురు ఉంది. మామ్మ దుప్పటి కింద వేలు ఆడిస్తూ, ఈసారి ఆశ వదలక, గట్టిగా ఉస్కో అందట. జీడి వంగలేదు. మొరగలేదు. నేరుగా వచ్చి కొరికింది. దుప్పటి, వేలు కలిపి పళ్లు ఎముక దాకా దిగాయి. ఆసుపత్రిలో ఏడు కుట్లు వేశారు, కుక్కకాటు సూదులు మొదలెట్టారు.

సాయంత్రం బైరాగి నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు. వీడియో తీసింది తనే అని మొన్నటి దాకా చెప్పుకు తిరిగిన మనిషి.

"వల్లభం, ఈదిలో సిన్నపిల్లలున్నారు. సోమారం దాకా సూస్తాను. ఆ పైన పంచాయితీ బండి పిలిపిస్తాను. పట్టుకుపోయి ఏటి సేత్తారో నీకు తెలుసు."

"నన్ను బతికించిన కుక్కరా అది."

"మీ అమ్మని సంపీబోయింది కూడా అదే కదా?"

వల్లభరావు జీడిని గొలుసుతో కట్టేశాడు. అది గోడవైపు తిరిగి కూర్చుంది.

మరునాడు దమయంతి బడికి వెళ్లలేదు. తండ్రి ఫోను అడిగి తీసుకుని, ఇంతవరకు ఒక్కసారి కూడా తెరవని ఆ ఆట తెరిచింది. ఉద్దానం పులికి ఎదురుగా నిలబడే బొమ్మగా ఒక పహిల్వానుని ఎంచుకుంది. ఎదురుగా జీడి వచ్చింది. అదే చెవి చిరుగు, అదే ఎడమ కాలి ఎగరవేత. కానీ వంగలేదు. గంట మోగీ మోగకముందే గొంతు మీదికి ఎగిరింది. దమయంతి బొమ్మ నాలుగు క్షణాల్లో పడిపోయింది.

ఆటలో పాత పోరాటాలు చూసే వీలు ఉంది. ఆమె వేలితో జరుపుతూ వెనక్కి, వెనక్కి, జూలై దాకా వెళ్లింది. అక్కడ ఉంది తన జీడి. గంట మోగగానే ఛాతీ నేలకి ఆనించి వంగింది. ఎదురుగా ఉన్నవాడు వంగిన తల మీద బూటుకాలితో తన్నాడు. అది లేచి, మళ్లీ వంగింది. మళ్లీ తన్నాడు. ఇంకో పోరాటం. వంగింది. తన్నారు. ఆగస్టులో వంగి, తన్ను పడకముందే పక్కకి తప్పుకోవడం నేర్చుకుంది. సెప్టెంబరులో సగమే వంగింది. అక్టోబరులో వంగడానికి బదులు కొరికింది. పిలిచిన ప్రతిసారీ పిలిచింది తన గొంతే.

దమయంతి ఫోను పక్కన పెట్టి మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. మే నెలలో తాను మింగేసింది ఒక్క మాటే, కాదండీ అని.

పట్టీని విప్పడం ఇంట్లో ఎవరికీ రాదు. అది సంస్థ ప్రయోగశాలలోనే తెరుచుకుంటుంది. నెలకోసారి సంస్థ వ్యాను వచ్చి జీడిని పరీక్షకి తీసుకెళ్లేది. శనివారం ఆ వ్యాను వస్తే, జీడి వెనక తండ్రీ కూతుళ్లు కూడా ఎక్కారు. దారిలో వల్లభరావు కిటికీలోంచి చూస్తూ ఒక్క మాటే అన్నాడు. "కంచె ఉండిపోవాలమ్మా. ఏదో మందిచ్చి కుక్కకి నయం సేయమందాం."

ప్రయోగశాల విశాఖపట్నంలో కొండవాలు మీద ఉంది. చల్లటి గది, గోడనిండా తెరలు. ఇందుమతితో పాటు మరో ఆరుగురు. మామ్మ సంగతి విని ఇందుమతి నిజంగానే నొచ్చుకుంది. "దాని దూకుడు కొంచెం తగ్గిస్తాం. పోరాడే స్వభావం ఉన్న కుక్క కదా, ఒక్కోసారి..."

"కాదండీ."

అది దమయంతి గొంతే. గదిలో అందరూ తిరిగి చూశారు. ఆమెకి చెవులు మళ్లీ వేడెక్కాయి. ఈసారి తల దించుకుంటే మాట ఆగిపోతుందని తెలిసి, ఎదురుగా తెర మీద కదులుతున్న గీతల కుక్కని చూస్తూ చెప్పింది.

"అది దెబ్బలాటకి వంగలేదండీ. ఆడుకోడానికి వంగింది. మా ఇంట్లో ఉస్కో అంటే ఆట. ఎలుగుబంటిని కూడా ఆటకే పిలిచింది. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఆడుకుందాం రమ్మని అది వంగడం, మీవాళ్లు తన్నడం. నిద్రపోతే అదే. రోజూ అదే."

ఇందుమతి కుర్చీ లాక్కుని, మే నెల లెక్కలు తెరిచింది. చాలాసేపు చూసింది. ఒక సన్నటి పచ్చ గీత దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇది తోకకి వెళ్లే కబురు," అంది చివరికి, ఎవరితోనూ కానట్టు. "ఆ మాట విన్న ప్రతిసారీ తోక ఊగింది. ఆటలో తోకతో కొట్టరు కాబట్టి మేము తోకని లెక్కలోంచి తీసేశాం. గుండె వేగం ఒక్కటే చూశాం. కోపానికీ సంతోషానికీ అది ఒకేలా పెరుగుతుంది." ఆగి, అడగకపోయినా చెప్పింది. "నిద్రలో రోజుకి పద్నాలుగు వందల పోరాటాలు."

వల్లభరావు కూతురి వైపు తిరిగాడు. అతని ముఖం చిన్నబోయి ఉంది. "అయితే అది నన్ను కాపాడ్డానికి రాలేదేటమ్మా ఆరోజు?"

"కాపాడింది నాన్నా. కొట్టి కాపాడలేదు, అంతే."

అతను జీడి గొలుసుని కుడిచేతికి చుట్టుకున్నాడు.

"పట్టీ తీసేయమంటే ఇప్పుడే తీస్తాను," అంది ఇందుమతి. "కానీ ఒప్పందం ప్రకారం కంచె వెనక్కి తీసుకుపోతారు. అది నా చేతిలో లేదు. నేను అడిగి చూస్తాను, కానీ ఒప్పుకోరు."

వల్లభరావు ఎడమ చేతిని ఎత్తబోయాడు. అది ఎప్పటిలా భుజం దగ్గరే ఆగింది. దమయంతి ఆ చేతిని చూసి, పట్టీ తీయించమని తండ్రిని అడగలేకపోయింది. గొలుసు చివర జీడి గోడకి ముఖం పెట్టి కూర్చుని ఉంది.

"తీసీండమ్మా," అన్నాడు వల్లభరావు. "నూనెడబ్బా కర్రతో వాయించుకుంటా తోటంతా తిరుగుతాను, ఆ సప్పుడికి ఎలుగు రాదు. మా నాన్న తిరగలేదేటి."

పట్టీ చిన్న శబ్దంతో ఊడింది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి లేత చర్మం కనబడింది.

"మళ్లీ పాతలాగ అవుతుందాండీ?" అడిగింది దమయంతి.

ఇందుమతి పట్టీని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. "తెలీదమ్మా. నేర్పడానికి దారి కనిపెట్టాం. మరిపించడానికి కనిపెట్టలేదు."

సోమవారం పంచాయితీ బండి రాలేదు. కుక్కకి గొలుసు విప్పనని వల్లభరావు బైరాగికి మాటిచ్చాడు. బుధవారం సంస్థ మనుషులు వచ్చి కంచె స్తంభాలు పెరికి లారీకెక్కించారు. స్తంభాల గుంతలు తోట చుట్టూ వరసగా మిగిలాయి. ఫిబ్రవరి రాగానే, పూత కాయగా మారుతుండగా, వల్లభరావు నూనెడబ్బా, కర్ర పట్టుకుని తోటకి పోవడం మొదలెట్టాడు. సాయంత్రం ఆ చప్పుడు ఇంటివైపు తిరిగొస్తున్నట్టు వినపడేదాకా మామ్మ గుమ్మం వదిలేది కాదు.

జీడి మళ్లీ ఎవర్నీ కరవలేదు. గొలుసు పొడవు పెంచుతూ పోయి, ఒకరోజు విప్పేశారు. బైరాగి చూసి కూడా ఊరుకున్నాడు. అది తినేది, తోటదాకా తండ్రి వెనక నడిచేది, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. ఎవరైనా చెయ్యి చాపితే వెనక్కి జరిగేది. మామ్మ మానిన వేలిని దుప్పటి కింద ఒకసారి, చాలా నెమ్మదిగా, ఏ మాటా అనకుండా కదిలించి చూసింది. జీడి లేచి, దుప్పటిని చూసి, బయటికి నడిచి వెళ్లిపోయింది.

ఇందుమతి నుంచి ఫోనుకి కబురు ఒకటి వచ్చింది. కొత్త కలలు రావు కాబట్టి, ఆటలో ఇప్పుడు మొదటి వారంలో తీసుకున్న జీడినే ఉంచేశారట. ఇక మీదట అది ఏమీ నేర్చుకోదు, ఏదీ గుర్తుంచుకోదు. ఆట తీసేయించడానికి తాను ప్రయత్నించి ఓడిపోయానని రాసింది. క్షమించమని రాయలేదు. నువ్వు చెప్పింది నిజం అని రాసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం దమయంతి ఆట తెరిచింది. "ఉస్కో!" అంది ఫోను, ఆమె గొంతుతో. గోడ పక్కన పడుకున్న జీడి చివాలున లేచి, వణుకుతూ మంచం కిందికి దూరింది. దమయంతి గబగబా ధ్వని పూర్తిగా తగ్గించేసింది. నేల మీద చెయ్యి పెట్టి, అది సర్దుకునేదాకా అలాగే ఉంచింది. తర్వాత తెర వైపు చూసింది.

తెర మీద జీడి ఛాతీ నేలకి ఆనించి వంగి ఉంది. తోక ఊగుతోంది. దమయంతి ఏ మీటా నొక్కలేదు. అది కుడికి దూకి వంగింది. ఎడమకి దూకి వంగింది. పోరాడండి, పోరాడండి అని పైన ఎర్ర అక్షరాలు మెరిశాయి. వెతికి వెతికి ఆమె కిందికి చూపే బాణం గుర్తు నొక్కింది. పహిల్వాను మోకాళ్ల మీద వంగాడు. కుక్క ఒక్క క్షణం ఆగి, గాల్లోకి ఎగిరి, అతని చుట్టూ గుండ్రంగా పరుగు లంకించుకుంది. తొంభై సెకన్ల గడువు అయిపోయింది. ఇద్దరూ ఓడినట్టు తెర చెప్పింది.

"ఎవులు గెలిసారే?" అంది మామ్మ మంచం మీద నుంచి.

"ఎవరూ గెలవలేదు మామ్మా."

"మరదేటి ఆట?"

మంచం కింద గోళ్లు నేలని గీరిన చప్పుడు వినపడింది, ఆగింది. దమయంతి ఇంకో చెయ్యి అటు చాపి, అది ఎంతవరకు రానిస్తుందో అంతవరకే ఉంచి, మళ్లీ మొదలుపెట్టే మీట నొక్కింది. ఇదే నిమిషంలో ఎన్నెన్నో ఫోన్లలో జీడి ఇలాగే వంగుతోంది. వాటిలో ఈ ఒక్కదాంట్లో తప్ప అన్నిట్లోనూ దాని తల మీద కాలు పడుతోంది.